కబురు చేస్తాం... ఉండండి!

ఈ వారం నాకొక ఉత్తరం వచ్చింది. అవును, ఉత్తరమే! సెల్‌ఫోన్ మీద వేలు ఆడిస్తే అమెరికాలో ఉన్నవాడికి క్షణంలో కబురు చేరే ఈ రోజుల్లో, ఒక కుర్రవాడు తెల్ల కాగితానికి రెండు వైపులా నీలం సిరాతో రాసి, స్టాంపు అంటించి మరీ పంపాడు. గోదావరి జిల్లా కుర్రవాడు. డిగ్రీ పాసయ్యాడు. ఊళ్లో ఒక ఫైనాన్సు కంపెనీలో వసూళ్ల ఉద్యోగం. ఈ నెల ఉన్నవాళ్లు వచ్చే నెల ఉంటారో లేదో తెలియని ఉద్యోగమట. ఉత్తరం చివర అతనడిగిన ప్రశ్న ఇది:

"ఎలాగూ గ్యారంటీ లేని ఉద్యోగమే కదండీ, అదేదో నాకిష్టమైన సినిమాల్లోనే చేస్తే పోలా? కృష్ణానగర్ వస్తే ఎవర్ని కలవమంటారు?"

ఇలాంటి ఉత్తరాలకు మా శీర్షికలో రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోవడం ఆనవాయితీ. 'ముందు చదువు మీద శ్రద్ధ పెట్టు నాయనా' అనో, 'పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు తమ్ముడూ' అనో రాసేసి, పక్కన ఏ కథానాయిక బొమ్మో వేస్తే సరిపోతుంది. కానీ ఈ కుర్రవాడు అడిగింది తెలివైన ప్రశ్న. రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకని ఈ వారం శీర్షిక మొత్తం అతనికే ఇచ్చేస్తున్నాను. అతనొక్కడికేనా? ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని, ఉత్తరం రాయడానికి బద్ధకించినవాళ్లందరికీను!

నా మిత్రుడొకడున్నాడు. పేరెందుకు లెండి. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. వాడు డైరెక్టర్ అవుదామనీ, నేను పత్రికల్లో రాద్దామనీ ఒకే ఏడాది హైదరాబాదు బస్సెక్కాం. పదకొండేళ్లలో వాడు అసిస్టెంట్ డైరెక్టర్‌గా తొమ్మిది చిత్రాలకు పనిచేశాడు. ఐదు విడుదలయ్యాయి. రెండు కొబ్బరికాయ కొట్టిన రోజు దగ్గరే ఆగిపోయాయి. మిగతా రెండూ పూర్తయి కూడా బయటికి రాలేదు. వెనకటి రోజుల్లో అలాంటి వాటిని 'డబ్బాల్లో ఉండిపోయాయి' అనేవారు. ఇప్పుడు హార్డ్‌డిస్కుల్లో ఉండిపోతున్నాయి. డబ్బా మారింది గానీ కథ మారలేదు.

వాడి జీతం ఎంత అని అడగకండి. ఎప్పుడు అని అడగండి! వాడు చెప్పలేడు. ఏ అసిస్టెంట్ డైరెక్టరూ చెప్పలేడు. 'సిట్టింగ్స్' అంటారు చూశారూ, అంటే కథా చర్చలు, అవి ఆరు నెలలు నడవచ్చు, ఏడాది నడవచ్చు. ఆ రోజుల్లో టీ, టిఫిన్, మధ్యాహ్నం భోజనం దొరుకుతాయి. జీతం మాత్రం షూటింగ్ మొదలయ్యాకే. హీరోగారి డేట్లు దొరికితే షూటింగ్. ఫైనాన్స్ కుదిరితే డేట్లు. వెనక చిత్రం ఆడితే ఫైనాన్స్. అంటే మనవాడి గది అద్దె, వాడు పనే చెయ్యని ఇంకెవరి చిత్రమో ఆడటం మీద ఆధారపడి ఉంటుందన్నమాట!

ఈ గొలుసులో ప్రతి మెలిక దగ్గరా వినిపించే మాట ఒకటే. "కబురు చేస్తాం... ఉండండి!"

చిత్రసీమలో ఎవరూ 'లేదు' అనరు. మీరు గమనించారో లేదో, అది మర్యాద కాదు. 'లేదు' అంటే మనిషి ఏడుస్తాడు, తిట్టుకుంటాడు, మర్నాడు లేచి ఇంకో పని వెతుక్కుంటాడు. 'కబురు చేస్తాం' అంటే కదలడు. ఇంకో పని ఒప్పుకుంటే ఈ కబురు వచ్చేసరికి లేకుండా పోతానేమో అని భయం. ఊరెళ్తే సరిగ్గా ఆ రోజే పిలుస్తారేమో అని భయం. మా వాడు మూడేళ్లు వరసగా సంక్రాంతికి ఇంటికి పోలేదు. ఆ మూడేళ్లలోనూ సంక్రాంతికి వాడికి షూటింగ్ లేదు!

ఉద్యోగం పోయినప్పుడు మనిషి కుంగిపోతాడని అందరికీ తెలుసు. కానీ పోతుందేమో అన్న భయంలో నెలల తరబడి బతకడం కూడా దాదాపు అంత పనీ చేస్తుందని ఈ విషయం మీద పరిశోధించినవాళ్లు ఎన్నోసార్లు చూపించారు. పోయిందని తెలిస్తే మనసు దానికి తగ్గట్టు సర్దుకోవడం మొదలుపెడుతుంది. తెలియకపోతే ఎటు సర్దుకోవాలి? అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిచేసే చోట మనసుకు చేటు చేసే కారణాల్లో భద్రత లేని ఉద్యోగాన్నీ, చాలని జీతాన్నీ కూడా చేర్చింది.

* * *

మొన్న చలికాలంలో మా వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. నేనేమనుకున్నానో తెలుసా? 'షూటింగులో ఉన్నాడు కాబోలు, మంచిదే' అనుకున్నాను. ఒక వారం కాదు, మూడు వారాలు అలాగే అనుకున్నాను. నాకూ నా గొడవలున్నాయి. రాసిన వ్యాసానికి ఇంత అని తీసుకునేవాణ్ణి, నాదీ 'కబురు చేస్తాం' బతుకే. కానీ అది సాకు మాత్రమేనని నాకూ తెలుసు.

చివరికి గదికి వెళ్లాను. పట్టపగలు కిటికీ మూసి ఉంది. మనిషి సగమయ్యాడు. ఫోన్ మాత్రం ఛార్జింగ్ పెట్టి గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. నా ఫోన్ ఎత్తడు గానీ, కొత్త నంబరేదైనా వస్తే మొదటి రింగుకే ఎత్తుతాడట. ఆఫీసు నుంచేమో అని!

"ఏం లేదురా, నిద్ర పట్టట్లేదు, అంతే" అన్నాడు.

అప్పుడు నేనన్న మాట తలచుకుంటే ఈ రోజుకీ సిగ్గేస్తుంది. "ఖాళీగానే ఉన్నావుగా, కూర్చుని నీ కథన్నా రాసుకోకపోయావా?" అన్నాను.

వాడు జవాబివ్వలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత ఈ విషయం మీద దొరికింది దొరికినట్టు చదివాను. ఆస్ట్రియా దేశంలో మారియంథాల్ అని ఒక చిన్న ఊరు. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీదే బతికేది. అది మూతపడింది. 1930ల మొదట్లో కొందరు పరిశోధకులు ఆ ఊళ్లో మకాం వేసి, జనం ఎలా బతుకుతున్నారో రోజూ రాసుకున్నారు. 1933లో అది పుస్తకంగా వచ్చింది. పని లేదు కాబట్టి జనానికి బోలెడు తీరిక. మరి లైబ్రరీ కిటకిటలాడాలి కదా? పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది! మగవాళ్లు వీధిలో నడిచే వేగం కూడా తగ్గింది. అటునుంచి ఇటు రావడానికి మధ్యమధ్యలో ఆగేవాళ్లు. తొందరగా వెళ్లి చెయ్యడానికేముంది?

ఖాళీ వేరు, తీరిక వేరు. నాకది తెలియక మా వాడికి నీతి చెప్పాను.

ఇంకొకటి మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. తమిళనాడు చెరకు రైతులకు డబ్బు చేతికొచ్చేది ఏడాదికొకసారి, పంట కోసినప్పుడు. ఆ రైతులకు పంటకు ముందొకసారి, పంట తర్వాత ఒకసారి బుద్ధికి పదును పెట్టే పరీక్షలు పెట్టారు. అదే మనిషి డబ్బు లేనప్పుడు తక్కువగానూ, డబ్బు చేతికొచ్చాక మెరుగ్గానూ చేశాడు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రైతుకు తెలివి లేక కాదు. ఉన్న తెలివిలో సగం 'ఎవర్ని అప్పడగాలి, ఎవర్ని తప్పించుకోవాలి' అనే లెక్కలకే ఖర్చయిపోతుంది. మరి ఎప్పుడు డబ్బొస్తుందో పంట పాటి లెక్క కూడా లేని అసిస్టెంట్ డైరెక్టర్ బుర్రలో కథకు చోటెక్కడుంటుంది?

* * *

వెనకటికి ఇలా ఉండేది కాదంటారు పెద్దలు. మదరాసులో స్టూడియోలు రాజ్యమేలిన కాలంలో నెల జీతాలుండేవి. విజయా సంస్థలో ఎన్.టి.రామారావుగారంతటివారు కూడా తొలి రోజుల్లో నెల జీతం మీద పనిచేసినవారే. మన సికింద్రాబాదులో పుట్టి పెరిగిన తమిళ రచయిత అశోకమిత్రన్ 1952 నుంచి 1966 దాకా జెమినీ స్టూడియోలో ఉద్యోగం చేశారు. ఆ రోజుల ముచ్చట్లు తర్వాత పుస్తకంగా రాశారు కూడా. అప్పుడు అన్యాయాలు లేవని కాదు. కానీ ఒకటో తారీఖు అనేది ఒకటుండేది. తర్వాత స్టూడియోల చేతిలోంచి చిత్ర నిర్మాణం జారిపోయింది. చిత్రానికింత, కాల్షీటుకింత అనే పద్ధతి స్థిరపడింది. ఒకటో తారీఖు పోయింది!

చట్టం లేదా అంటారేమో. ఉంది. 1981లోనే సినీ కార్మికుల కోసం కేంద్రం చట్టం చేసింది. రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా సినీ కార్మికుణ్ణి పనిలోకి తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఇప్పుడా చట్టం కొత్త కార్మిక స్మృతిలో కలిసింది, 2025 నవంబర్ 21 నుంచి ఆ స్మృతి అమల్లోకి వచ్చింది. కొత్త దాంట్లోనూ ఒప్పందం సంగతి ఉంది. మా వాడు తొమ్మిది చిత్రాల్లో ఎన్నింటికి సంతకం పెట్టాడని అడిగాను. నవ్వాడు. "అడిగితే, వీడెవడ్రా మొదట్లోనే లాయర్‌లా మాట్లాడుతున్నాడంటారు" అన్నాడు.

2025 ఆగస్టులో మీరు పేపర్లలో చదివే ఉంటారు. వేతనాలు 30 శాతం పెంచాలని తెలుగు చిత్రసీమ కార్మికులు 4వ తేదీ నుంచి పని ఆపేశారు. 18 రోజులు షూటింగులు నిలిచిపోయాయి. 21వ తేదీన రాజీ కుదిరింది, మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచడానికి. రోజుకు 2,000 రూపాయల లోపు తీసుకునేవాళ్లకు మొదటి ఏడాదే 15 శాతం. మంచిదే! పోరాడి సాధించుకున్నారు, సంతోషం. కానీ లెక్కలో ఒక మెలిక చూడండి. పెరిగింది రోజు కూలి. రోజులెన్ని అన్నది ఎవరూ చెప్పలేదు, చెప్పలేరు కూడా. కూలి ఎంత పెంచి సున్నాతో హెచ్చవేసినా వచ్చేది సున్నాయే కదా!

ఆ సున్నా రోజులు ఎలా ఉంటాయో 2020 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది. కరోనాతో షూటింగులు ఆగిపోతే, కొద్ది రోజుల్లోనే చిరంజీవిగారి ఆధ్వర్యంలో సంస్థ పెట్టి సినీ కార్మికుల ఇళ్లకు బియ్యం, పప్పులు పంపవలసి వచ్చింది. పంపినవాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ అన్నేళ్లు వెండితెర మీద కోట్లు పండించిన చేతుల దగ్గర కొన్ని వారాలకు సరిపడా తిండి గింజలు లేవన్న సంగతి కూడా గుర్తుంచుకోవాల్సిందే. రెండున్నరేళ్లు తిరక్కుండానే 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలే షూటింగులు ఆపారు. ఎవరి కారణాలు వాళ్లవి. కానీ ఎవరు ఆపినా కృష్ణానగర్ గదిలో పొయ్యి ఆగడం మాత్రం ఒకేలా ఉంటుంది.

ఇదొక్క సినిమా వాళ్ల గొడవే కాదు. 2021లో మన దేశంలో ప్రాణాలు తీసుకున్నవాళ్లు 1,64,033 మంది అని ప్రభుత్వ లెక్క. వాళ్లలో 42,004 మంది, అంటే నలుగురిలో ఒకరు, రోజు కూలీలు. ఏ ఒక్కరి విషయంలోనూ కారణం ఒక్కటే ఉండదు, పని ఒక్కటే కారణమనడం తప్పు. అయినా ఆ 'నలుగురిలో ఒకరు' అన్న మాట చదివాక నేను మా వాడి గదికి రోజూ వెళ్లడం మొదలుపెట్టాను.

* * *

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. "ఎక్కడికి? ఎర్రగడ్డకా?" అన్నాడు.

ఇక్కడో సంగతి చెప్పాలి. మన చిత్రాల్లో 'ఎర్రగడ్డ' అంటే హాస్యం. మదరాసు రోజుల్లో 'కీల్పాక్' అనేవారు, విశాఖ వాళ్లు 'వాల్తేరు' అంటారు. పేరు వినగానే హాలంతా నవ్వాలి, నవ్వుతుంది కూడా. మా వాడు పనిచేసిన ఒక చిత్రంలో అలాంటి సీనుంది. రాసింది వాడే! హాల్లో ఈలలు పడ్డాయి. నేనూ ఈల వేశాను. ఇప్పుడా రాసినవాడూ, ఈల వేసినవాడూ ఇద్దరూ ఆటో ఎక్కడానికి సందేహిస్తూ వీధి చివర నిలబడ్డాం.

"ఎవరన్నా చూస్తే మన కామెడీ సీను మన మీదే తీసినట్టుంటుందిరా" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత వాడు వేసిన మొదటి జోకు అది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆటో ఎక్కాం.

అక్కడ జరిగింది సినిమాల్లో చూపించేది కాదు. ఓపీ చీటీ, క్యూ, ఒక డాక్టరమ్మ, అరగంట మాటలు. నిద్ర, ఆకలి, అప్పులు, ఇంట్లోవాళ్లు... అన్నీ అడిగింది. "మీది బలహీనత కాదు, జబ్బు. తగ్గుతుంది" అంది. మందులు రాసింది, ప్రతి రెండు వారాలకీ వచ్చి మాట్లాడమంది. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వాడు మందులు మానేశాడు, రెండుసార్లూ మేం పోట్లాడుకున్నాం. ఏదీ పాట అయ్యేలోపు మారిపోలేదు.

ఇప్పుడు వాడొక టీవీ సీరియల్ యూనిట్‌లో చేరాడు. సినిమా కంటే డబ్బు తక్కువ. కానీ నెలకు ఇన్ని రోజులు పని అని ముందే మాట్లాడుకున్నారు, పదో తారీఖున డబ్బు పడుతుంది. "ఎంతన్నది కాదురా, ఎప్పుడన్నది తెలిశాక నిద్ర పడుతోంది" అన్నాడు. కథ మళ్లీ మొదలుపెట్టాడు. రోజుకొక పేజీ. అంతకు మించి రాయనంటున్నాడు. డైరెక్టర్ అవుతాడా? నాకు తెలియదు. బతికున్నాడు, నవ్వుతున్నాడు, మొన్న సంక్రాంతికి ఊరెళ్లాడు.

* * *

ఇందులో మా పత్రికల వాళ్ల తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటాను. మేం ప్రతి వారం ఏం రాస్తాం? 'ఆ రోజుల్లో ఆయన పస్తులున్నారు, ఫుట్‌పాత్ మీద పడుకున్నారు, ఈ రోజు అగ్ర హీరో!' నిజాలే. రవితేజ కూడా ఏళ్ల తరబడి చిన్న వేషాలు వేస్తూ, అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేసి వచ్చినవారే. ఆయనే అసిస్టెంట్ డైరెక్టర్‌గా నటించిన 'నేనింతే' 2008లో వచ్చింది, కృష్ణానగర్ బాధలు అందులో చూశాం. కానీ పైకొచ్చినవాళ్లనే ఇంటర్వ్యూ చేస్తే, పస్తులుంటే పైకొస్తారన్నట్టే కనిపిస్తుంది. పస్తులుండి కూడా పైకి రానివాళ్లను మేం ఎప్పుడన్నా ఫోటో వేశామా? వాళ్లూ కష్టపడ్డారు, వాళ్లకూ ప్రతిభ ఉంది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే, గదిలో గోడవైపు తిరిగి పడుకున్న ప్రతివాడూ 'లోపం నాలోనే ఉంది' అనుకుంటున్నాడు.

1981లో బాలచందర్‌గారి 'ఆకలి రాజ్యం' వచ్చినప్పుడు కుర్రకారంతా అది తమ కథే అనుకున్నారట. అందులో కథానాయకుడికి ఉద్యోగం లేదు, ఆ సంగతి అతనికీ లోకానికీ తెలుసు. ఇవాళ్టి కుర్రవాడి కష్టం కాస్త వేరు. ఉద్యోగం ఉన్నట్టే ఉంటుంది. బండి మీద భోజనం ప్యాకెట్లు తీసుకెళ్లేవాడికీ, కాంట్రాక్టు లెక్చరర్‌కీ, కంపెనీలో బెంచి మీద కూర్చోబెట్టిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కీ... అందరికీ వినిపించే డైలాగు ఒకటే. కబురు చేస్తాం, ఉండండి!

ఇక తమ్ముడూ, నీ ప్రశ్నకొస్తాను. గ్యారంటీ లేనిదే అయినప్పుడు ఇష్టమైనది చేస్తే పోలా అన్నావు. ఇక్కడే చిక్కుంది. ఇష్టం లేని పని ఇబ్బంది పెడితే తిట్టుకుని వదిలేస్తాం. ఇష్టమైనది ఇబ్బంది పెడితే మనల్ని మనం తిట్టుకుంటాం, వదలం. ఇష్టం వల్ల భయం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. రావద్దని నేననను. అనే హక్కు నాకు లేదు, ఆ బస్సే ఎక్కి వచ్చినవాణ్ణి. వస్తే మాత్రం నాలుగు పనులు చెయ్యి.

ఆరు నెలల ఖర్చు దగ్గరుంటేనే బస్సెక్కు. పనిలో చేరేముందు 'ఎంత' అని కాదు, 'ఎప్పుడు' అని అడుగు, కాగితం మీద అడుగు. నవ్వితే నవ్వనీ. సినిమాకు సినిమాకు మధ్య తినడానికి ఇంకో పని చేతిలో ఉంచుకో, అది నామోషీ కాదు. రెండు వారాలు నిద్ర పట్టకపోయినా, ఇంటి నుంచి వచ్చిన ఫోన్ ఎత్తబుద్ధి కాకపోయినా ఎవరితోనన్నా చెప్పు. ఎవరూ లేరనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చెయ్యి. 2022 అక్టోబర్‌లో కేంద్రం పెట్టిన 'టెలి మానస్' అది. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు వాళ్లు నిన్ను ఆడిషన్ అడగరు.

ఎవర్ని కలవమంటారు అని కదా అడిగావు? పెద్ద డైరెక్టర్ల ఆఫీసులకు దారి ఎవరైనా చెబుతారు. నువ్వు ముందు కలవాల్సింది పదకొండేళ్లుగా ఇక్కడున్నా ఇంకా డైరెక్టర్ కానివాణ్ణి. మా వాణ్ణి అడిగాను, ఆదివారాలు ఖాళీయేనన్నాడు. యూసుఫ్‌గూడ దగ్గర బస్సు దిగి నాకు ఫోన్ చెయ్యి, నంబరు నీకు జవాబులో విడిగా రాస్తున్నాను. ఆ రోజే కలుద్దాం. కబురు చేస్తానని మాత్రం అనను.